శబ్దం లేని బొమ్మ

మా పాప డిసెంబరులో పుట్టింది, క్రిస్మస్ ఇంకా రెండు వారాలుందనగా. అందువల్ల మా ఇంట్లో బహుమతుల ఆలోచన వచ్చినప్పుడల్లా జంటగా వచ్చేది. పుట్టినరోజుకి ఒకటి, పండక్కి ఒకటి. రెండిటికీ కలిపి ఒకటే కొనేస్తే సరిపోతుంది కదా అని వీధిలో వాళ్ళు అనేవారు. మా ఆయన ఒప్పుకునేవారు కాదు. "ప్రభువు పుట్టినరోజు ప్రభువుది, దాని పుట్టినరోజు దానిది. కలిపేస్తే ఇద్దరికీ అన్యాయం చేసినట్టే" అనేవారు.

డెబ్బైలు అయిపోవస్తున్న కాలం అది. రాజోలుకి దగ్గర్లో, కాలవ గట్టు మీద ఒక పెంకుటింట్లో ఉండేవాళ్ళం. మా ఆయనకి కాలవ నీళ్ళు వదిలే లాకుల దగ్గర ఉద్యోగం. నేను మిషను స్కూల్లో ఒకటో తరగతి పిల్లలకి టీచర్ని. మాతో మా అత్తగారు ఉండేవారు. పాప మాకు పెళ్ళయిన చాలా కాలానికి పుట్టింది. అప్పటికి చుట్టాలు నన్ను ఆ సంగతి అడగడం కూడా మానేశారు. అందుకని ఆ పిల్ల ఏం చేసినా మాకు వింతే. ఆవలిస్తే వింత, చీమని చూసి ఆగితే వింత. పడుకున్నప్పుడు గుప్పిట విప్పి చూసి, అంత చిన్న చేతిలో అన్ని గీతలు ఎవరు గీశారా అని మా ఆయనా నేనూ తల పక్కన తల పెట్టి చూసేవాళ్ళం.

మా అత్తగారికి పిల్లల పెంపకంలో కొన్ని కట్టడులు ఉండేవి. వాటిలో ముఖ్యమైంది అద్దం. మాటలు రాని పిల్లకి అద్దం చూపిస్తే ఇక మాటలు రావని ఆవిడ నమ్మకం. పాపకి పాకడం వచ్చిన రోజునే నా పెట్టె మీద ఉండే అద్దాన్ని గోడకి తిప్పి పెట్టించారు. మా ఆయన గడ్డం గీసుకునే అద్దం పెరటి వసారా చూరులోకి పోయింది. ఆయన దాన్ని దించుకుని, పాప రావడం లేదని చూసుకుని, దొంగలా గడ్డం గీసుకునేవారు. నవ్వొచ్చేది గానీ మేమిద్దరం ఆవిడ మాట దాటలేదు. ఇంత ఆలస్యంగా పుట్టిన పిల్ల విషయంలో ఏ నమ్మకాన్నీ తోసెయ్యడానికి ధైర్యం చాలలేదు.

మొదటి పుట్టినరోజుకి మా ఆయన గిలక్కాయ తెచ్చారు. ఎరుపూ పసుపూ లక్క పూసిన కర్ర గిలక్కాయ. పిల్లలందరూ దాన్ని ఊపుతారు. మా పాప ఊపలేదు. రెండు చేతులతో పట్టుకుని మెల్లిగా తిప్పింది. ఎరుపు ఎక్కడ అయిపోతోందో, పసుపు ఎక్కడ మొదలవుతోందో వేలితో తడిమింది. తలుపు సందులోంచి ఎండ పడుతున్న చోటికి పాక్కుంటూ వెళ్ళి, వెలుతుర్లో పెట్టుకుని చూసింది. "ఇది నాలా లాకులు తిప్పే రకం కాదు, లాకులు కట్టే రకం" అని మా ఆయన మురిసిపోయారు. నాకూ అలాగే అనిపించింది.

రెండో పుట్టినరోజు దగ్గరపడేసరికి ఇంకా ఒక్క మాట కూడా రాలేదు. మా ఆయనకీ మూడేళ్ళు దాటాకే మాటలొచ్చాయని అత్తగారు చెప్పేవారు, దాంతో ఊరుకున్నాం. ఆఫీసు పని మీద రాజమండ్రి వెళ్ళిన మా ఆయన కీ ఇచ్చే కోతిబొమ్మ ఒకటి పట్టుకొచ్చారు. రేకుతో చేసిన కోతి, మెడలో డప్పు. కీ తిప్పి వదిలితే రెండు చేతులతో డప్పు వాయించేది. మా వీధిలో అలాంటి బొమ్మ ఎవరూ చూడలేదు.

పుట్టినరోజున పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. పరమాన్నం పెట్టాం. తర్వాత మా ఆయన వసారా మధ్యలో కూర్చుని కోతికి కీ ఇచ్చారు. రేకు డప్పు మోత ఎంత ఉందంటే పెంకుల మీది కాకులు లేచిపోయాయి. వచ్చిన పిల్లలు కేకలు పెట్టుకుంటూ చుట్టూ మూగారు. మా పాప మెట్టు మీద, మాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. కాలవలో బాతులు వెళుతుంటే వాటిని చూస్తోంది. వెనక్కి తిరగలేదు.

నేను వెళ్ళి ఎత్తుకొచ్చి కోతి ముందు కూర్చోబెట్టాను. చూసీ చూడగానే ఒళ్ళంతా నవ్వింది. కోతి చేతులు పైకీ కిందికీ ఎలా ఆడుతుంటే తన చేతులూ అలా ఆడించింది. ఆ నవ్వు చూసి, అంతకు ముందు వెనక్కి తిరగని సంగతి నేను మర్చిపోయాను. మా అత్తగారు మర్చిపోలేదు.

సాయంత్రం అందరూ వెళ్ళాక ఆవిడ నన్ను పిలిచారు. "అమ్మాయ్, ఇలా వచ్చి కూకో. నేను చేసేది చూడు" అన్నారు. పాప నేల మీద కూర్చుని పూల రెక్కలు ఏరుకుంటోంది. ఆవిడ దాని వెనక నిలబడి కంచం మీద గరిటెతో గట్టిగా కొట్టారు. మూల పడుకున్న పిల్లి ఎగిరి గడప దాటింది. నేను ఉలిక్కిపడ్డాను. పాప ఇంకో రెక్క ఏరి, మిగతావాటి పక్కన పెట్టింది.

"పండగ ముందు చెప్పకూడదనుకున్నానమ్మా" అన్నారు అత్తగారు. "కానీ శానా రోజుల బట్టి చూత్తన్నాను. పిల్లకి మన మాట వినపడతన్నట్టు లేదు."

నేను వెళ్ళి దాని ముందు కూర్చున్నాను. నా ముఖం చూసి అది నవ్వి, ఒక పూల రెక్క నా చేతిలో పెట్టింది.

ఆ వారంలోనే కాకినాడ ప్రయాణమయ్యాం. అమలాపురం వెళ్ళి, కోటిపల్లి రేవులో పడవ దాటి, రామచంద్రపురం మీదుగా బస్సులో కాకినాడ. చెవి డాక్టరుగారు పెద్దాయన. పాప వెనక గంట వాయించారు. రెండు కొమ్ములున్న ఇనప పనిముట్టుని బల్లకేసి కొట్టి చెవి దగ్గర పెట్టారు. పాప కళ్ళు మాత్రం ఆయన కళ్ళజోడు మీద, ఆయన బొటనవేలి మీద, గోడ మీద కదిలే క్యాలెండరు కాగితం మీద తిరుగుతున్నాయి. చాలా సేపు చూశాక ఆయన అన్నారు, "పుట్టుకతోనే ఉండి ఉంటుందమ్మా. ఇప్పుడు చేసేదేమీ లేదు. ఒకటి చెప్తాను. ఈ పిల్ల కళ్ళు చూడండి, ఎంత పని చేస్తున్నాయో. ముఖం చూపించి మాట్లాడండి. వినపడదు కదాని మాట్లాడ్డం మాత్రం మానకండి."

ఆ రాత్రి తెలిసినవాళ్ళింట్లో ఉండి మర్నాడు తిరుగు ప్రయాణం. పడవ ఎక్కాం. పాప అంచు మీదికి వంగి, తెడ్డు నీళ్ళలోకి దిగి లేచిన ప్రతిసారీ దాన్నుంచి రాలే చుక్కల్ని చూసింది. దాని లంగా పట్టుకుని కూర్చుని, నేనూ ఆ చుక్కల్నే చూశాను. గోదావరి మీద ఎన్నిసార్లు వెళ్ళానో, తెడ్డు నుంచి రాలే నీళ్ళు ఎండలో ఎలా ఉంటాయో అంతకు ముందు చూడనే లేదు.

వచ్చేటప్పుడు అమలాపురంలో పండగ సరుకులు కొనుక్కోవాలని బయల్దేరినప్పుడే అనుకున్నాం. ఇప్పుడు ఆ పని చెయ్యాలని ఇద్దరికీ లేదు. అలాగని ఒట్టి చేతులతో ఇంటికి వెళ్ళాలనీ లేదు. బజారు వీధి నిండా రంగు కాగితాల నక్షత్రాలు వేలాడుతున్నాయి. పాప మా ఆయన భుజం మీంచి తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి వాటినే చూస్తోంది. మా ఆయన ఆగి, "దీని పండగ దీనికి చెయ్యాలి కదా" అన్నారు. ఎదురుగా గాజులూ బొమ్మలూ అమ్మే కొట్టు ఉంటే ఎక్కాం.

కొట్టాయన నడివయసు మనిషి. "రండమ్మా, రండి. పాపకేనాండీ?" అన్నాడు.

"ఆయ్, పండక్కండి" అన్నారు మా ఆయన.

కొట్టాయన ఉత్సాహంగా ఒక్కొక్కటే తీశాడు. రబ్బరు బాతుని నొక్కితే కుయ్యిమంది. రేకు కప్ప వీపు నొక్కితే టకటకమంది. కర్ర చిలకకి తోక దగ్గర ఈల. పడుకోబెడితే ఏడ్చే బొమ్మ ఒకటి. "దీనికి ఏ పిల్లన్నా పేచీ ఆపెయ్యాల్సిందేనండి" అన్నాడు. ప్రతి బొమ్మనీ ఊపి గానీ, నొక్కి గానీ, ఊది గానీ చూపిస్తున్నాడు. చిన్నపిల్లల బొమ్మంటే ముందు శబ్దమేనని నాకు ఆ కొట్లో నిలబడే దాకా తట్టలేదు. మేం ఇంతవరకు పుట్టినరోజులకి కొన్న రెండూ కూడా అవే.

"శబ్దం లేని బొమ్మ ఏదన్నా ఉందాండీ?" అన్నాను.

"శబ్దం లేందాండీ?" ఆయన చెయ్యి ఆగింది. "ఇంట్లో ఎవరికన్నా ఒంట్లో బాగోదాండీ? గోల పడదాండీ?"

నేను మా ఆయనవైపు చూశాను. మా ఆయనే చెప్పారు. "పాపకి వినపడదండి. నిన్న కాకినాడలో చూపించేం."

మా ఇద్దరిలో ఒకరు ఆ మాట పైకి అనడం అదే మొదలు. డాక్టరు దగ్గర్నుంచి బయటికొచ్చాక మేం దాని చుట్టూ తిరుగుతూనే ఉన్నాం గానీ నోటితో అనలేదు. ఎవరో తెలియని బజారు మనిషికి చెప్పేసరికి అది నిజమైపోయింది. అయినా నేల అక్కడే ఉంది, జనం నడుస్తున్నారు, పాప నా జడ పట్టుకుని లాగుతోంది.

కొట్టాయన చేతిలో రేకు కప్పని మెల్లిగా బల్ల మీద పెట్టాడు, ఎక్కడ టక్కుమంటుందోనని భయపడుతున్నట్టు. "పాపని ఇలా లోపలికి దింపండమ్మా. మనం చూపించడమెందుకు, ఏం కావాలో ఆవిడే చూసుకుంటారు" అన్నాడు. రెండేళ్ళ పిల్లని ఆవిడ అన్నాడు.

ఆయన భుజం మీంచి తీసుకుని దింపాను. పాప ఆ కొట్లో నడిచింది. రిబ్బన్ల చుట్టల దగ్గర ఆగింది. గాజుల గుత్తిలోకి చెయ్యి పెట్టి తీసేసింది. అలా వెళ్ళి వెళ్ళి, కొట్టు మధ్య స్తంభానికి నిలువునా బిగించిన అద్దం ముందుకొచ్చింది. బొట్టూ రిబ్బనూ పెట్టుకుని చూసుకోవడానికి ఉంచిన అద్దం. మా ఇంట్లో అద్దాలన్నీ పాపకి కనపడకుండా ఉన్నాయి కదా. ఆ పిల్ల తనని తాను సరిగ్గా చూసుకోవడం అదే మొదలు.

ముందు ఎవరో పిల్ల అనుకుంది. చేతిలో సగం కొరికిన బిస్కట్టు ఉంటే ముందుకి చాపింది. ఆ పిల్లా చాపింది. వేలితో ముట్టుకుంటే చల్లగా తగిలిందేమో, వేలు వెనక్కి తీసుకుని చూసుకుంది. స్తంభం వెనక్కి వెళ్ళి వెతికింది. అక్కడ ఎవరూ లేరు. మళ్ళీ ముందుకొచ్చింది. అప్పుడు ఆ పిల్ల వెనక నన్ను చూసింది. గిరుక్కున తిరిగి నన్ను చూసింది. మళ్ళీ అద్దంలో నన్ను చూసింది. ఇక్కడా నేనే, అక్కడా నేనే. చాలా సేపు అలా నిలబడి, మెల్లిగా చెయ్యెత్తి తన ముక్కు తను పట్టుకుంది.

బయట వీధిలో సైకిళ్ళ గంటలు మోగుతూనే ఉన్నాయి. ఒక మనిషి తనని తాను మొదటిసారి కలుసుకోవడం మేం ముగ్గురం చూస్తున్నాం. అంతకు ముందు రోజు డాక్టరుగారి గదిలో విన్న మాట పక్కకి తొలిగి, దాని స్థానంలో ఇంకేదో వచ్చి నిలబడింది. ఈ పిల్లని గురించి నాకేం తెలుసు అనిపించింది. ఏమీ తెలియదు. అది భయంగా అనిపించలేదు. పెద్ద నది ముందు నిలబడినట్టు అనిపించింది.

రేకు చట్రం బిగించిన చిన్న చేతి అద్దం ఒకటి కొన్నాం.

బస్సులోనూ, పాశర్లపూడి రేవు దాటేటప్పుడూ నా ఆలోచన అంతా అత్తగారి గురించే. ఇన్నాళ్ళూ దాచిన వస్తువుని మేమే కొని తెస్తున్నాం. ఇంటికెళ్ళి డాక్టరుగారు చెప్పింది మా ఆయన చెప్పారు. ఆవిడ తల ఊపుతూ విన్నారు. తర్వాత నేను సంచిలోంచి అద్దం తీసి, "పండక్కి ఇది కొన్నాం అత్తయ్యగారూ. పాపే ఎంచుకుంది" అన్నాను.

ఆవిడ అద్దాన్ని చేతిలోకి తీసుకున్నారు. చాలా సేపు అందులోకి చూశారు. ఏమంటారోనని మేం నిలబడే ఉన్నాం.

"దాచి దాచి ఏం బాగుచేసేనులే" అన్నారు చివరికి. "ఇప్పుడే ఇచ్చేయకండి. పండగ దాకా నా పెట్లో ఉంచుతాను." కొంగుతో తుడిచి, తన తెల్లచీరల మధ్య పెట్టి మూత వేశారు.

పండగ రోజు పాపకి కొత్త గౌను తొడిగి చర్చికి తీసుకెళ్ళాం. ఆరాధన అయి ఇంటికొచ్చేసరికి ఎండ బాగా ఎక్కింది. అత్తగారు పెట్టె తీసి, అద్దం తానే పాప చేతికిచ్చారు. అది దాన్ని పట్టుకుని వీధి అరుగు మీద కూర్చుంది. నేను దాని పక్కనే కూర్చుని బియ్యం ఏరుతున్నాను. అత్తగారు పెరటివైపు నుంచి వచ్చి, వాకిట్లో కొబ్బరిచెట్టు కింద కూర్చుని చేపలు బాగుచేస్తున్నారు.

పాప తన ముఖం చూసుకుంది. పళ్ళు చూసుకుంది. అద్దం ఒళ్ళో పెట్టుకుని పైకి చూసేసరికి చూరు కింద, వాసాల మీద ఒక వెలుగు బిళ్ళ కనిపించింది. దాన్ని చూస్తూ అది కదిలింది. బిళ్ళా కదిలింది. పాప ఆగింది, బిళ్ళా ఆగింది. నేను బియ్యం ఏరడం ఆపేశాను. అది ముందు వెలుగుని చూసింది, తర్వాత ఒళ్ళో అద్దాన్ని చూసింది, తర్వాత తల తిప్పి ఆకాశంలో సూర్యుణ్ణి చూసి కళ్ళు మూసుకుంది. మూడింటి మధ్యా అలా తిరిగి తిరిగి, అద్దాన్ని రెండు చేతులతో పట్టుకుని కావాలని వంచింది. వెలుగు వాసాల మీంచి స్తంభం మీదికి, స్తంభం మీంచి వాకిట్లోకి దిగింది. కోడిపెట్ట మీంచి వెళ్ళింది. కొబ్బరిచెట్టు ఎక్కింది. ఊగుతూ, తప్పిపోతూ, మళ్ళీ దొరుకుతూ చివరికి మా అత్తగారి ముఖం మీద పడింది.

ఆవిడ కళ్ళు చికిలించి, చెయ్యి అడ్డం పెట్టుకుని మావైపు చూశారు. పాప నవ్వింది. ఆవిడ మళ్ళీ చేపల మీదికి వంగారు. మళ్ళీ వెలుగు. ఆవిడ తల ఎత్తారు. పాప మళ్ళీ నవ్వింది. మూడోసారి వెలుగు పడగానే అత్తగారు కత్తిపీట పక్కకి జరిపి లేచి నిలబడ్డారు.

"అమ్మాయ్, చూసేవా" అన్నారు. "ఇది ఆట కాదు. పిలుత్తందే. నన్ను పిలుత్తంది."

నిజమే, అది పిలుపే. గొంతుతో పిలవలేని పిల్ల, రెండేళ్ళుగా మేం తనవైపు చూసే దాకా ఓపిగ్గా ఎదురు చూసిన పిల్ల, వాకిలి అవతలున్న మనిషిని పిలవగలిగింది. దానికి ఎవరూ నేర్పలేదు.

అత్తగారు చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళి, పిండివంటలు పోసుకున్న రేకు డబ్బా మూత పట్టుకొచ్చారు. ఎండలో నిలబడి దాన్ని అటూ ఇటూ తిప్పారు. అద్దమంత బాగా పడలేదు. మసక వెలుగు ఒకటి అరుగు మీదికి వచ్చి, పాకుతూ పాప కాళ్ళ మీద పడింది. పాప కాళ్ళ వైపు చూసుకుంది. ఆ వెలుగు ఎక్కడి నుంచి వస్తోందో వెతికి నాన్నమ్మని చూసింది. అప్పుడు దాని గొంతులోంచి ఒక కేక వచ్చింది, అంతకు ముందు ఎప్పుడూ రాని కేక. లోపల ఉన్న మా ఆయన ఏమైందోనని పరిగెత్తుకొచ్చారు.

నేను చూడమని చెయ్యి చూపించాను. వాకిట్లో ఆ కొసన తెల్లచీరలో మా అత్తగారు, అరుగు మీద కొత్త గౌనులో పాప. ఇద్దరి మధ్యా రెండు వెలుగులు వస్తూ పోతూ ఉన్నాయి. ఆయన గుమ్మంలో అలాగే కూర్చుండిపోయారు.

ఆ చలికాలమంతా మా ఇంట్లో ఎవరు ఎక్కడున్నా వెలుగొచ్చి తట్టేది. నూతి దగ్గర గుడ్డలు ఉతుకుతుంటే భుజం మీద పడేది. కాలవలో కొబ్బరికాయల పడవలు వెళుతుంటే వాటి మీద పడేది. గడ వేసే వాళ్ళకి కొన్నాళ్ళలో అలవాటైపోయి, మా ఇంటి ముందుకి రాగానే చెయ్యి ఎత్తేవారు. వానలు పట్టాక ఎండ లేని రోజుల్లో పాప అద్దం పట్టుకుని వచ్చి నాకు చూపించేది. అది పాడైపోయిందనుకుని బాగుచేయమని అడుగుతోందేమో అనుకున్నాను. కాదు. నా చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకెళ్ళి, మబ్బు పట్టిన ఆకాశం వైపు వేలు చూపించింది. తప్పు ఎక్కడుందో దానికి తెలుసు.

ఆ వానాకాలంలోనే చేతులతో మాకు పేర్లు పెట్టడం మొదలుపెట్టింది. రెండు గుప్పిళ్ళు గాలిలో తిప్పితే వాళ్ళ నాన్న, లాకు చక్రం తిప్పుతాడు కనుక. రెండు వేళ్ళు ముక్కు దగ్గర పెట్టి పీలిస్తే నాన్నమ్మ. ఆవిడ నశ్యం సంగతి పాస్టరుగారికి తెలియకుండా ఎన్నాళ్ళుగానో దాచుకొచ్చారు. ఒకరోజు ఆయన ముందే పాప ఆవిణ్ణి అలా పిలిచేసరికి ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కూర్చున్నారు. నాకు మాత్రం పేరు పెట్టలేదు. నేను కావాలంటే నా దగ్గరికే వచ్చి పట్టుకునేది. కాస్త వెలితిగానే ఉండేది, పైకి అనలేదు.

తర్వాత సంగతులు తర్వాత జరిగాయి. ఆరేళ్ళు వచ్చాక కాకినాడలో వినపడని పిల్లల బడిలో చేర్చాం. అక్కడ దాని చేతులకి వందల మాటలొచ్చాయి. చదువుకుంది, ఉద్యోగం చేసింది, తనలాంటి మనిషినే పెళ్ళి చేసుకుంది. వాళ్ళ పిల్లలకి చక్కగా వినపడుతుంది. ఇవన్నీ ఎంత పెద్ద సంగతులైనా, నాకు మనసులో ముందుగా వచ్చేది మూడో పుట్టినరోజు.

ఆ ఏడాది బహుమతి గురించి మేం బుర్ర బద్దలు కొట్టుకోలేదు. కొట్లోకి తీసుకెళ్ళి దింపితే తనే ఏరుకుంటుందని ఇద్దరికీ తెలుసు. "ఈసారి నర్సాపురం వెళ్దాం. అక్కడ పెద్ద కొట్లున్నాయి" అన్నారు మా ఆయన. అత్తగారు రానన్నారు. మేం ముగ్గురం సఖినేటిపల్లి రేవుకి వెళ్ళాం. అప్పటిదాకా పాప ఎక్కినవన్నీ తెడ్డు పడవలూ, గడ పడవలూ. ఆ రోజు లాంచీ ఉంది.

జనం ఎక్కువగా ఉండటంతో మాకు ఇంజను పెట్టె పక్కన చోటు దొరికింది. చెక్కలతో మూసిన పెట్టె అది. పాప దానికి ఆనుకుని నిలబడింది. లాంచీ నడిపే సరంగు ఇంజను స్టార్టు చేశాడు. మాకు ఆ మోత చెవులు చిల్లులు పడేలా ఉంది. పాప ఒక్కసారి ఎగిరిపడి, ముందు తన కాళ్ళకేసి చూసుకుంది. తర్వాత అరచేతులు. ఒక చెయ్యి తీసి పెట్టె మీద పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది. రెండో చెయ్యి కూడా పెట్టింది. వంగి చెంప ఆనించింది. తర్వాత కడుపు ఆనించి పెట్టెని కావలించుకుని, తల మాత్రం ఎత్తి లాంచీలో కూర్చున్న వాళ్ళందరి ముఖాలూ వరసగా చూసింది. ఇది మీ అందరికీ తెలుసా అని అడుగుతున్నట్టు ఉంది. జనం బస్తాలు సర్దుకుంటున్నారు, బీడీలు ముట్టించుకుంటున్నారు.

నేను కిందికి వంగి దాని ముఖంలోకి చూశాను. పాప ఒక చెయ్యి పెట్టె మీదే ఉంచి, రెండో చెయ్యి ఎత్తి నా గొంతు మీద పెట్టింది. మళ్ళీ పెట్టెని తట్టింది. మళ్ళీ నా గొంతు. ఇదీ అదీ ఒకటే అంటోంది.

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. డాక్టరుగారు మాట్లాడ్డం మానవద్దన్నారు కదా. పాపని నిద్రపుచ్చేటప్పుడు జోలపాట కూడా మానలేదు నేను. వినపడదని తెలుసు, అయినా అలవాటు. నా ఎద మీద పడుకుని, చెయ్యి నా మెడ మీద వేసుకుని నిద్రపోయేది. పిల్లలందరూ అలాగే పడుకుంటారనుకున్నాను. ఆ చెయ్యి అక్కడ పాట వింటోందని నాకేం తెలుసు?

"ఏమైందే?" అన్నారు మా ఆయన. నా కళ్ళు చూసి భయపడ్డారు.

"దీనికి నా పాట తెలుసండీ" అన్నాను. ఇంజను మోతలో ఆయనకి వినపడలేదు. "ఏంటీ?" అని చెవి దగ్గరికి తెచ్చారు. మళ్ళీ చెప్పాను. ఆయన పాప చెయ్యి చూశారు, నా గొంతు మీద అది ఉన్న చోటు చూశారు. తల తిప్పుకుని నది వైపు చూస్తూ కూర్చున్నారు.

ఆ లాంచీలో, అంతమంది మధ్య, నేను జోలపాట అందుకున్నాను. నా మాట నాకే వినపడలేదు. దానికి మాత్రం అందింది. అరచెయ్యి నా గొంతు మీద, చెంప పెట్టె మీద పెట్టుకుని, గట్టు దగ్గరపడే దాకా కదలలేదు. ఆ రోజు నుంచి నాకూ పేరు వచ్చింది. నన్ను ఎవరికన్నా చూపించాలంటే అరచెయ్యి తన గొంతుకి ఆనించుకునేది. ఇప్పటికీ అంతే.

నర్సాపురం రేవులో జనమంతా దిగిపోయారు. పాప దిగలేదు. మా ఆయన ఎత్తుకోబోతే పెట్టెని గట్టిగా పట్టుకుంది. సరంగు వచ్చి, "ఏంటండీ, పాప దిగనంటున్నారా?" అన్నాడు.

"ఆయ్, ఇంజను నచ్చిందండి ఆవిడకి" అన్నారు మా ఆయన.

"కూకోనివ్వండి, తోలేది అటే కదా. అవతల గట్టుకెళ్ళి మళ్ళీ వద్దురుగాని."

అటు వెళ్ళాం. మళ్ళీ ఇటు వచ్చాం. బజారుకి వెళ్ళనే లేదు. పొద్దు వాలుతుంటే నీళ్ళ మీద చలిగాలి మొదలైంది. నా చెంగు పాప చుట్టూ కప్పాను. మా ఆయన నా పక్కన కూర్చుని, ఎవరూ చూడకుండా తన అరచెయ్యి కూడా ఆ చెక్క పెట్టె మీద పెట్టి ఉంచారు.